ప్రో: శ్రీమతి ఎం. మిరియం

విజయవాడ,
10 జూన్ 2024

చెల్లెలు మిరియంకు అక్క కృపావతి ప్రేమతోనూ, కొంత అధికారంతోనూ రాయునది.

దేవుని దయవల్ల నేనూ నా రక్తపోటూ నిలకడగా ఉన్నాం. ఫోను ఉండగా ఉత్తరమెందుకని విసుక్కుంటావు. ఫోనులో చెప్పిన మాటకు ఫైలు ఉండదు. పోర్టులో హెడ్ క్లర్కుగా చేసిన నాన్నగారు, మనం హాస్టలు నుంచి కొబ్బరినూనె కావాలని రాసినా 'విషయం' అనే పంక్తి లేకపోతే తిప్పి పంపేవారు. ఆ క్రమశిక్షణే ఈనాడు నన్ను మహిళా వ్యాపార నాయకత్వ ప్రోత్సాహక విభాగానికి అధిపతిని చేసింది.

విషయం: నీ గొప్పతనాన్ని నా దగ్గర దాచిపెట్టుట.

నిన్న విశాఖ ప్రాంతపు మహిళా పారిశ్రామికవేత్తల జాబితా నా బల్ల మీదికి వచ్చింది. అందులో 'మిరియం ఇండస్ట్రియల్ లాండ్రీ, సబ్బవరం రోడ్డు. పరవాడ మందుల కంపెనీల పని దుస్తులు ఉతుకు సంస్థ. ప్రో: శ్రీమతి ఎం. మిరియం' అని కనబడింది. తలుపు గొళ్ళెం ఊడినా దేవకుమార్ వచ్చేదాకా ఆగే నా చెల్లెలేనా అని భర్త పేరు కూడా సరిచూసుకున్నాను. నువ్వే.

మా విజయగాథల సంపుటానికి నీ ప్రస్థానం రాసి పంపు. కష్టాలు తప్పక ఉండాలి. మొదటి పేరాలోనే ఉంటే మేలు.

గర్వంతో,
కృపక్క


గాజువాక,
18 జూన్ 2024

అక్కకు వందనాలు.

విషయం: దాచిపెట్టుటకు నా దగ్గర ఏమీ లేకపోవుట.

ఆ సంస్థ నాది కాదు. పేరొక్కటే నాది. నిరుడు ఒక సాయంత్రం చేపల పులుసు పొయ్యి మీద ఉండగా ఆయన కాగితాలు తెచ్చి వంటగట్టు మీద పరిచారు. ఏమిటివని అడిగాను. "ఆడోళ్ళ పేరుంటే షెడ్డుకి స్థలం తొరగా ఇస్తన్నారు. గవర్నమెంటు మీకోసరమే పెట్టింది. మనం వాడుకోకపోతే వేస్టయిపోద్ది" అన్నారు. ప్రభుత్వ పథకం వృథా కావడం నాకూ ఇష్టం లేదు. పైగా పులుసు అడుగంటుతోంది. చూపించిన చోట్లన్నీ సంతకం పెట్టాను.

ఆ షెడ్డును నేనింతవరకు చూడలేదు. ఎం.కాం. చదివినదాన్ని, నా సంస్థ తూర్పు వైపు తిరిగి ఉందో పడమర వైపు తిరిగి ఉందో చెప్పలేను. సిగ్గుగా ఉంది. అయినా నీ ఉత్తరం చూశాక ఒక ఆశ పుట్టింది. నీ చేతిలో అధికారం ఉంది కదా. ఆ జాబితాలోంచి నా పేరు తీయించు. లేదా ఆ పేరుకు తగిన పని నాకిప్పించు. రెండోదే నాకెక్కువ ఇష్టం.

మా అత్తగారు ఎస్తేరమ్మగారు ఇంకా మంచం మీదే ఉన్నారు. నడుము లేవదు గాని నోరు ఆరోగ్యంగా ఉంది. నీకు వందనాలు చెప్పమన్నారు.

నీ చెల్లెలు,
మిరియం


విజయవాడ,
2 జులై 2024

వినయవతియైన చెల్లెలికి,

నీ ఉత్తరం చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. నిజమైన నాయకులే 'ఇది నాది కాదు' అంటారు. కానివాళ్ళు అన్నీ తమవేనంటారు.

నువ్వు రాసినదాన్ని మా సంపాదకవర్గం ప్రచురణకు అనువుగా మలిచింది. షెడ్డుకు వెళ్ళకపోవడాన్ని 'అధికార వికేంద్రీకరణ' అన్నాం. గట్టు మీద సంతకాలు పెట్టడాన్ని 'కుటుంబానికీ వ్యాపారానికీ మధ్య సమతుల్యం' అన్నాం. చేపల పులుసును అలాగే ఉంచాం, విదేశీ ప్రతినిధులు అలాంటివి ఇష్టపడతారు. సంపుటం అచ్చుకు వెళ్ళింది.

పేరు తీయించమనడం చమత్కారమనుకున్నాను. జాబితాలో పేరు చేర్చడానికి మాకు విధానముంది, తీయడానికి లేదు. ప్రగతికి వెనక గేరు ఉండదు. ఇక పని మాట. ఈ నెల ద్వారకా నగర్‌లో ఒక హోటలు హాల్లో మహిళా యజమానులకు నాయకత్వ శిక్షణ ఏర్పాటు చేశాం. తప్పక వెళ్ళు. పట్టుచీర వద్దు, నేత చీర కట్టుకో. ఫొటోలో నాయకత్వం నేత చీరలోనే బాగా పడుతుంది.

నీ అక్క


గాజువాక,
29 జులై 2024

అక్కకు,

విషయం: (1) శిక్షణ. (2) చేతులు.

హాలు నిండా మగవాళ్ళే ఉన్నారు. ఏ రియల్ ఎస్టేటు మీటింగుకో వచ్చానేమోనని బయటికి వెళ్ళి బ్యానరు మళ్ళీ చదివాను. 'మహిళా నాయకత్వం' అనే ఉంది. ప్రతివారి మెడలోనూ భార్య పేరున్న కార్డు వేలాడుతోంది. నా పక్కన కూర్చున్న మీసాల పెద్దమనిషి శ్రీమతి సత్యశ్రీ. ఆయన ముందు వరుసలోని శ్రీమతి పుష్పను "బావా, మజ్జానం భోజనంలో సేపలున్నాయేటి?" అని అడిగారు. "ఉన్నాయి బావా, అందుకే గదా ఒచ్చాను" అన్నారు శ్రీమతి పుష్ప. పేర్లు రాసుకునే గుమస్తా నన్ను చూసి "మీ తరఫున ఎవరూ రాలేదా మేడమ్?" అని జాలిపడ్డాడు.

శిక్షకురాలు "కళ్ళు మూసుకుని మీలోని స్త్రీ శక్తిని మేల్కొల్పండి" అన్నారు. అందరూ మూసుకున్నారు. కొందరు భోజనం దాకా తెరవలేదు. ఉత్తమ శిక్షణార్థి జ్ఞాపిక శ్రీమతి సత్యశ్రీకి వచ్చింది. ఆయన మీసం సర్దుకుని అందుకున్నారు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి నా సంస్థకు వెళ్ళాను. బోర్డు మీద నా పేరు నాకంటే ఎత్తుగా ఉంది. గేటు దగ్గర పైడితల్లి అనే ఉతుకు పనామె "ఎవురు కావాలమ్మా?" అంది. నేనే మిరియాన్ని అన్నాను.

"ఓలమ్మో! నువ్వు నిజింగా ఉన్నావేటి? సబ్బు పేరు నాగ, కంపినీ పేరనుకున్నాం" అంది. వెనకున్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత లోపలికి వెళ్ళాక నవ్వు రాలేదు.

మందుల కంపెనీల నుంచి వచ్చే దుస్తుల మూటలను ముందు వేడినీళ్ళ తొట్టెల్లో నానబెట్టి, అంటుకున్న పొడి మరకలను చేత్తో రుద్దుతారు. మెషీను తర్వాతి సంగతి. ఏ మూటలో ఏ పొడి ఉందో మూట మీద రాసి ఉండదు. చేతులకు ఏమీ ఉండవు. పైడితల్లి తన చేతులు చూపించింది. అరచేతుల్లో తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. "సూడు బుగతమ్మా, కారంలో ముంచినట్టు మండతాయి. అన్నం కలుపుకోనేక సెంచాల్తో తింటన్నాం, దొరసానుల్నాగ" అంది. బుగత అంటే మా వైపు ఆసామి, యజమాని. ఎగతాళికే అంది.

గ్లౌజులు అడగలేదా అన్నాను.

"అడిగినాం. 'మేడమ్ గోరు ఒప్పుకోనేదు' అన్నారు మీ ఆయన."

అక్కా, ఆ మేడమ్ నేనే. నేను లేని చోట నా నోటితో కాదనిపించారు. ఆ రోజే గ్లౌజులూ కళ్ళద్దాలూ తెప్పించమని ఆర్డరు రాశాను. రాత్రి ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని "గ్లౌజులేసుకుంటే పని స్లో అయిపోద్ది. నువ్వు సంతకం వరకే మిరియం, మిగతాది నాకొదిలేయ్" అన్నారు.

నా సంస్థలో నా మాట ఒక్కటి, గ్లౌజుల మాట, అమలయ్యే మార్గం నీ విభాగంలో ఏదైనా ఉందా?

మిరియం


విజయవాడ,
20 ఆగస్టు 2024

చెల్లెలికి,

ఈ ఉత్తరంలో కొంత కార్యాలయ భాష ఉంది గనుక అక్కడ నిన్ను మీరు అంటాను. నొచ్చుకోకు.

మీ వినతి పరిశీలించబడినది. సాధికారత లేని మహిళలకు సాధికారత కల్పించుట ఈ విభాగపు లక్ష్యము. రికార్డుల ప్రకారం మీరు ఇదివరకే సంపూర్ణ సాధికారులు. అట్టివారికి సహాయం చేసినచో ఆడిట్ అభ్యంతరం వచ్చును. ఇక, మీ సంస్థలో మీ ఆజ్ఞ నిరాకరించబడినదని తెలిపియున్నారు. సదరు సంస్థలో మీ పైన ఎవరూ లేరు. కావున మీ ఆజ్ఞను మీరే నిరాకరించుకొన్నట్లు భావించడమైనది.

కార్యాలయ భాష సమాప్తం. గ్లౌజుల కోసం మొగుడితో పంతమేమిటే? ఆడదానికి కాస్త ఓర్పుండాలి. మంచి సమయం చూసి, పులుసు పెట్టి, మెల్లగా అడుగు. శిక్షణకు భర్తలు రావడం గురించి దిగులుపడకు. దాన్ని మా నివేదికలో 'పురుషుల చురుకైన భాగస్వామ్యం' అని రాశాం, పైనుంచి ప్రశంస వచ్చింది.

అసలు కబురు: ఈ ఏటి ఉత్తమ మహిళా పారిశ్రామికవేత్తవు నువ్వే. నవంబరులో బీచ్ రోడ్డు హోటల్లో సభ.

ఆనందంతో,
కృపక్క


గాజువాక,
14 అక్టోబరు 2024

అక్కా,

విషయం: పైడితల్లి కుడి కన్ను.

శుక్రవారం ఒక మూట విప్పి తొట్టెలో వేసి వేడినీళ్ళు పోసేసరికి నీళ్ళు ఒక్కసారి పొంగి ఆమె ముఖాన చిమ్మాయి. పెద్దాసుపత్రిలో ఉంది. కన్ను రాదన్నారు.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చారు. అప్పుడు మా ఆయన చేతులు కట్టుకుని "నాదేటుందండీ, నేను మేడమ్ గారి దగ్గర పనిచేస్తన్నాను. అన్నీ ఆవిడే చూసుకుంటారు" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను 'గారు' అనడం విన్నది ఆనాడే.

ఆసుపత్రికి వెళ్ళాను. పైడితల్లి కట్టు మీద చెయ్యి పెట్టుకుని ఉంది. నేనెంతో జాలిపడబోయాను. ఆమె అవకాశమివ్వలేదు. "ఆ బాబుని నానేటీ అనను. ఆడు పనోడినని సెప్పీసినాడు. బోర్డు నీది. అడిగినప్పుడు కాదన్నది నీ పేరు. మరి నా కన్నెవుర్నడగాల?" అంది.

అందరికంటే ముందు నన్ను యజమానిగా గుర్తించింది మీ విభాగం కాదక్కా, పైడితల్లి.

ఇంటికొచ్చాక ఆయన ఒక కాగితం సిద్ధంగా ఉంచారు. "గ్లౌజులిచ్చాం, అదే వేసుకోలేదు అని రాశాను. సంతకం పెట్టు. ఆడదానివి, నిన్నేటి చేసేస్తారు?" పెట్టలేదు. ఇంకా గట్టు మీదే ఉంది. ఏం చేయమంటావు?

మిరియం


విజయవాడ,
17 అక్టోబరు 2024
(కొరియరు ద్వారా)

చెల్లీ,

ఈ ఉత్తరం చదివి చింపెయ్యి. నేను ఇలా రాయడం నా ఉద్యోగ జీవితంలో ఇదే మొదటిసారి.

దేవకుమార్ కాగితం మీద సంతకం పెట్టకు. ఇన్‌స్పెక్టరు పిలిస్తే ఇలా చెప్పు: 'నేను గృహిణిని. నాకేమీ తెలియదు. పెట్టమన్న చోట పెట్టాను.' ఏడుపు వస్తే ఆపుకోవద్దు. జూన్‌లో నువ్వు రాసిందీ ఇదే కదా. ఆనాడు నేను నమ్మలేదు. ఇప్పుడు విభాగం యావత్తూ నమ్ముతోంది. నీ విజయగాథ ఉన్న పేజీని సంపుటంలోంచి బ్లేడుతో తీసే పని నిన్ననే మొదలుపెట్టాం. పుస్తకం కొంచెం వదులైంది గాని తెలియదు.

సాధికారత అన్ని సమయాల్లోనూ మంచిది కాదు తల్లీ. ఒక్క పూట మామూలు ఆడదానిగా ఉండు. జైలు నీకు పడదు.

కృప


గాజువాక,
25 అక్టోబరు 2024

అక్కకు,

విషయం: వాఙ్మూలం.

యజమానిని నేనేనని చెప్పాను.

బాగా ఆలోచించే చెప్పాను. ఆయన పనివాణ్ణంటున్నారు. నేను గృహిణినంటే ఇక మిగిలేది బోర్డు. కన్ను పోయినందుకు రేకు బోర్డును బోనెక్కించలేరు. పైడితల్లి అడగడానికి లోకంలో ఒక మనిషైనా ఉండాలి కదా. గ్లౌజులు ఇవ్వలేదని చెప్పాను. అడిగారనీ, నా పేరుతో కాదన్నారనీ, అది తెలిశాక కూడా తొట్టెలు ఆపించకుండా నీకు ఉత్తరం రాసి కూర్చున్నాననీ చెప్పాను. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు "మీవారిని అడిగి చెబుతారా?" అన్నారు. అక్కర్లేదన్నాను. కేసు నా మీద నమోదైంది. బెయిలు వచ్చింది.

తర్వాత షెడ్డు మూసేయమన్నాను. మూసేశారు. నా ఆజ్ఞ అమలైంది, అదొక్కటే. యంత్రాలు అమ్మి పైడితల్లి వైద్యానికీ పరిహారానికీ ఇచ్చే ఏర్పాటు చేశాను. గేటు బయట ఆడవాళ్ళు నిలబడి "మరి మా కూలి మాటేటి బుగతమ్మా?" అన్నారు. ఈసారి ఎగతాళి లేదు. నాయకత్వ శిక్షణలో దానికి జవాబు చెప్పే భాగం భోజనం తర్వాత ఉండి ఉంటుంది.

ఆయనా నేనూ ఒకే ఇంట్లో ఉన్నాం. అన్నం వడ్డిస్తాను.

మిరియం


విజయవాడ,
3 మార్చి 2025

చెల్లెలికి, చాలా నెలల తర్వాత, అక్క.

నీ మీద కోపం పోయిందని చెప్పను. అచ్చయిన ప్రతులన్నిటికీ బ్లేడు పెట్టించడం సులభం కాలేదు. అయినా దేవుడు ఒక తలుపు మూస్తే ఇంకొకటి తెరుస్తాడు, ఈసారి తెరిచింది మీ ఇంట్లోనే.

పోయిన వారం సబ్బవరం రోడ్డులో 'ఎస్తేరమ్మ ఇండస్ట్రియల్ లాండ్రీ'ని తనిఖీ చేశాను. మీ అత్తగారు ఇంతటివారని ఏనాడూ చెప్పలేదేమే! మంచాన ఉండి పరిశ్రమ నడపడం! వృద్ధురాలు, దివ్యాంగురాలు, మహిళ: మా పట్టికలో మూడు గడులు ఒక్కరే నింపారు. దేవకుమార్ అక్కడ మేనేజరుగా వినయంగా ఉన్నాడు. నువ్వు కోరిన గ్లౌజులు ప్రతి చేతికీ ఉన్నాయి, ఎర్రటివి, ఫొటోలో చక్కగా పడ్డాయి. పైడితల్లి కూడా నల్లకళ్ళజోడుతో ముందు వరుసలో నిలబడింది. చూశావా, నీ పోరాటం వృథా పోలేదు. జాబితాలో ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. ప్రగతి యథాతథం.

ఉగాది వెళ్ళాక ఆవిడకు సన్మానం. కుర్చీలో తోసుకుని వేదిక మీదికి నువ్వే తీసుకురావాలి. కోడలు తీసుకొస్తే బాగుంటుందని పైవారు కూడా అన్నారు.

కృపక్క


గాజువాక,
10 మార్చి 2025

అక్కా,

విషయం: అత్తగారి బొటనవేలు.

జనవరిలో ఒకరోజు ఒళ్ళు తుడుస్తుంటే ఆవిడ బొటనవేలికి నీలి సిరా కనబడింది. ఏమిటని అడిగితే "పింఛను కాయితమన్నాడు అబ్బాయి" అన్నారు. సబ్బు పెట్టి నేనే కడిగాను. నేను కడిగింది ఒక ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్ అని నీ ఉత్తరం వల్ల తెలిసింది. నేను అమ్మించిన యంత్రాలను ఎవరు కొన్నారో కూడా.

నిన్న షెడ్డుకు వెళ్ళాను. అవే తొట్టెలు, అవే మూటలు, వట్టి చేతులు. పైడితల్లి తల పక్కకు తిప్పి, ఉన్న కంటితో మరకలు వెతుక్కుంటోంది. మళ్ళీ ఇక్కడికే ఎందుకొచ్చావన్నాను. "ఒంటికన్ను దానికి ఇంకెవురిత్తారమ్మా పని?" అంది. గ్లౌజులేవీ అన్నాను.

"ఇచ్చినారు. మీ అక్కగోరు కారెక్కగానే లెక్కెట్టి తీసీసుకున్నారు. మల్లీ ఎవురైనా వొస్తే కావాల గదా!"

దీనితో ఫిర్యాదు జతపరిచాను. నీ విభాగానికే రాశాను. యజమాని పేరు దగ్గర అత్తగారి పేరు రాయలేదు, యజమాని ఎవరో వారి పేరే రాశాను: దేవకుమార్. ఈసారి జాబితా కాకుండా నన్ను నమ్ము.

మిరియం


మహిళా వ్యాపార నాయకత్వ ప్రోత్సాహక విభాగం
మెమో
24 మార్చి 2025

శ్రీమతి ఎం. మిరియం గారికి తెలియజేయునది: తమ ఫిర్యాదులో పేర్కొన్న శ్రీ దేవకుమార్ అను వ్యక్తి మహిళ కానందున, ఏ మహిళా సంస్థకూ యజమాని అయి ఉండుటకు అవకాశము లేదు. కావున ఫిర్యాదు వాపసు చేయడమైనది. రికార్డులలోని యజమాని పేరుతో దాఖలు చేసినచో పరిశీలించబడును.

(సం.) కృపావతి

మిరియం, ఇది చేత్తో రాస్తున్నాను. ఆ మెమో నేను తయారుచేయలేదు. పైనుంచి టైపై వచ్చింది. ఈ గదిలోకి వచ్చిన నాటి నుంచీ అన్నీ అలాగే వస్తాయి. చూపించిన చోట సంతకం పెట్టాను. నువ్వు జూన్‌లో రాసింది నాకు అర్థం కాక కాదు, అర్థమయ్యే ఆ సంగతి వదిలేశాను. మీ అత్తగారి పేరు రాయకు. ముసలామె. కేసు పడితే నేను ఆపలేను.

కృప


గాజువాక,
2 ఏప్రిల్ 2025

అక్కకు వందనాలు.

విషయం: ఎస్తేరమ్మ ఇండస్ట్రియల్ లాండ్రీపై ఫిర్యాదు, రికార్డులలోని యజమాని పేరుతో.

రాయకూడదనే అనుకున్నాను. కాని యజమానిని అడగకుండా నిర్ణయం తీసుకోవడం ఈ ఇంట్లో ఇప్పటికే ఎక్కువైంది. అందుకని మెమో అత్తగారికి చదివి వినిపించాను. తన పేరున ఫ్యాక్టరీ ఉందని విని ముందు నవ్వారు. తర్వాత అడిగారు:

"ఆ పిల్ల కన్ను పోయింది ఈ యవ్వారంలోనా?"

"అప్పుడు నా పేరు అత్తయ్యా. ఇప్పుడు మీది."

"మరింకేటి, నా పేరే రాయవే."

కేసు మీ మీద పడుతుందన్నాను. కోర్టుకు పిలుస్తారన్నాను. కొడుకును అడగమన్నాను. ఆవిడకు చిరాకు వచ్చింది.

"పిలిస్తే నానెలాగ ఎల్తాను? మంచంతో మొయ్యాల. మోసేదెవుడు? నా కొడుకే గదా! మొయ్యనీ. ఈది పొడుగునా, జడ్జిగోరి బల్ల కాడి దాకా మొయ్యనీ. అక్కడ దించినాక నానే సెప్తాను ఈ ఫ్యాక్టరీ ఎవుడిదో."

సదరు సంస్థ యజమాని ఎవరి సలహా లేకుండా, స్వయంగా తీసుకున్న వ్యాపార నిర్ణయం ఇదొక్కటే. ఫిర్యాదు జతపరిచాను. కింద ఆవిడ వేలిముద్ర ఉంది. ఈసారి ముందు చదివి వినిపించి, తర్వాత సిరా పూశాను. ఆవిడ ఇంకా వేలు కడగనివ్వడం లేదు, ఆయన వచ్చి చూడాలట.

అందినట్టు రసీదు పంపు. దాన్ని మాత్రం నువ్వే రాసి సంతకం పెట్టు.

మిరియం